ఫోన్‌లో డాక్టర్ ఉచితమే, మరి మా అమ్మకు ఎందుకు అందడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, జ్వరం వస్తే పది నిమిషాల్లో ఫోన్‌లో డాక్టర్ దొరుకుతున్నారు. అమ్మగారు సీతంపేట వైపు పల్లెలో ఉంటారు. అరవై దాటిన వయసు, బీపీ, షుగర్ ఉన్నాయి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, ప్రభుత్వం ఉచితంగా నడిపే టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవని ఎలా వాడాలో నేర్పించి వచ్చారు. ఆవిడ ఒక్కసారి కూడా తెరవలేదు. ఇప్పటికీ ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికే వెళ్తున్నారు. "ఉచితంగా దొరికేది ఎందుకు వాడుకోరు? నేర్పించడం నాకు చేతకాలేదా?" అని అడిగారు.

నేను ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశాను. తర్వాత కొన్నేళ్లు టెలీమెడిసిన్ హబ్‌లో కూర్చుని స్క్రీన్ మీద రోగుల్ని చూశాను. అటు పక్కా ఇటు పక్కా చూసినవాడిగా చెప్తున్నాను, తప్పు మీ అమ్మగారిదీ కాదు, మీదీ కాదు. మీరు చూపించిన దారి మీలాంటి వాళ్ల కోసం వేసింది. ఆవిడకు సరిపోయే దారి వేరే ఉంది, అది ఊరి సబ్ సెంటర్‌లో, అంటే ఊళ్లోని చిన్న ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రంలో మొదలవుతుంది. వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ-సంజీవని అని అందరం ఒకే పేరుతో పిలుస్తాం కానీ అందులో రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. మొహాలీలోని సి-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ దీన్ని తయారుచేసింది. 2019 నవంబరులో మొదలైన పద్ధతిలో రోగి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వస్తారు, అక్కడి సిబ్బంది ట్యాబ్‌లో హబ్ డాక్టర్‌ను కలుపుతారు. దేశంలో దీన్ని మొట్టమొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. రెండోది 2020 ఏప్రిల్ 13న వచ్చింది. లాక్‌డౌన్‌లో ఓపీలు మూతపడి జనం ఇళ్లలో చిక్కుకుపోయినప్పుడు, రోగే తన ఫోన్ నుంచి నేరుగా డాక్టర్‌తో మాట్లాడేలా పెట్టారు. మీరు అమ్మగారికి ఇచ్చింది ఈ రెండోది.

ఇప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతం. మగవాళ్లలో దాదాపు 49 శాతం. తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు సగానికి కాస్త తక్కువ. పైగా ఈ లెక్కలో ఆడవాళ్లంటే 15 నుంచి 49 ఏళ్ల మధ్య వాళ్లు. మీ అమ్మగారి వయసు వాళ్లను ఆ సర్వేలో అడగనే లేదు. అడిగి ఉంటే ఆ 21 ఎంతకు పడిపోయేదో మీరే ఊహించుకోండి.

రెండో లెక్క. 2023 ఫిబ్రవరికి ఈ-సంజీవనిలో 10 కోట్ల కన్సల్టేషన్లు పూర్తయ్యాయి. అందులో 3 కోట్ల 17 లక్షలు, అంటే దాదాపు మూడో వంతు, ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. దేశం మొత్తం మీద వాడినవాళ్లలో 57 శాతానికి పైగా ఆడవాళ్లు.

ఐదుగురు ఆడవాళ్లలో నలుగురు ఇంటర్నెట్ ముట్టుకోని రాష్ట్రం టెలీమెడిసిన్‌లో దేశంలోనే ముందు ఎలా నిలబడింది? నా ఉద్దేశంలో దీనికి జవాబు ఒకటే. ఆ ఆడవాళ్లు ఇంటర్నెట్ వాడలేదు. వాళ్ల తరఫున సబ్ సెంటర్ సిబ్బంది వాడారు, అంటే ఊరి నర్సు ఏఎన్ఎం, అక్కడ రోగుల్ని చూసే ఆరోగ్య అధికారి ఎంఎల్‌హెచ్‌పీ. హబ్‌లో మా ముందుకు వచ్చిన కాల్స్ చాలా మటుకు సబ్ సెంటర్ నుంచి వచ్చినవే. రోగి చేతిలో ఫోన్ ఉండాల్సిన పనిలేదు, చదువు రావాల్సిన పనిలేదు. ట్యాబ్ పట్టుకున్న మనిషి పక్కన కూర్చుంటే చాలు. అదే లెక్కల్లో అరవై దాటిన వాళ్లు మాత్రం 12 శాతమే అని కూడా గుర్తుపెట్టుకోండి. బీపీ, షుగర్, మోకాళ్లు, కళ్లు, అన్ని జబ్బులూ చుట్టుముట్టే వయసు వాళ్లకి ఇందులో దక్కిన వాటా అంతే.

ఇక ఇంటి నుంచి ఫోన్‌లో మాట్లాడే పద్ధతి మీ అమ్మగారి లాంటి వాళ్లకు ఎక్కడ తెగిపోతుందో చూద్దాం. మొదట ఓటీపీ దగ్గరే. ఆధార్‌కు లింక్ అయిన నంబర్ చాలా ఇళ్లలో కొడుకుది, లేదా ఎప్పుడో పారేసిన సిమ్‌ది. ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతా తెరవాలని కూర్చుంటారు, ఓటీపీ విశాఖలో వెల్డింగ్ పనిలో ఉన్న కొడుకు ఫోన్‌కి వెళ్తుంది. అతను పని మధ్యలో ఫోన్ తీయడు. తీసి చెప్పేసరికి గడువు దాటిపోతుంది. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ప్రయత్నించే వాళ్లు ఉండరు. దాటి లోపలికి వెళ్లినా టోకెన్, వెయిటింగ్, వీడియోకి అనుమతి, మైక్‌కి అనుమతి. చివర్లో ప్రిస్క్రిప్షన్ పీడీఎఫ్‌గా వస్తుంది, ఇంగ్లీషులో. దాన్ని తెరిచి, మందుల షాపు అతనికి చూపించి, ఏది పొద్దున ఏది రాత్రి అని మళ్లీ అతన్నే అడగాలి. అలాంటప్పుడు నేరుగా ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే తప్పేముంది అని ఆవిడకు అనిపించడం సహజం. ఆయన ఇంటికి వస్తాడు, అప్పు పెడతాడు, చేయి పట్టుకుని చూస్తాడు. ఆయన ఇచ్చే అనవసరపు ఇంజెక్షన్లను, యాంటీబయాటిక్స్‌ను నేను ఒప్పుకోను. కానీ ఆయన దగ్గరికి జనం వెళ్లడానికి కారణం వాళ్ల అమాయకత్వం అనుకుంటే మాత్రం పొరపాటు. మనం అందుబాటులో పెట్టనివి ఆయన పెడుతున్నాడు.

ఇంకోటి, దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంట్లో ఒకటే ఫోన్, అది భర్తదో కొడుకుదో. స్పీకర్ పెట్టి మాట్లాడాలి, చుట్టూ నలుగురుంటారు. తెల్లబట్ట అవుతోందనో, మూత్రం ఆగడం లేదనో, ఇంట్లో కొడుతున్నారనో ఏ ఆడమనిషి చెప్తుంది? హబ్‌లో ఉండగా చాలాసార్లు గమనించాను. తోడొచ్చిన మగవాళ్లు పక్కనుంటే ఆడవాళ్లు "నీరసం" అని ఆపేసేవారు. ఏఎన్ఎం ఆ మగవాళ్లను బయటికి పంపి తలుపు వేశాక అసలు విషయం బయటపడేది. చెవుడు ఉన్న పెద్దవాళ్ల సంగతీ అంతే. కూతురో కోడలో జవాబులు చెప్తారు, వాళ్లకు తెలిసినంతే డాక్టర్‌కి తెలుస్తుంది.

ఏజెన్సీలో వీటికి సిగ్నల్ బాధ తోడవుతుంది. దేశంలో మొబైల్ కవరేజీ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్ర కేబినెట్ 26,316 కోట్ల రూపాయలతో పథకం ఆమోదించింది. మన పాడేరు, చింతూరు, సీతంపేట కొండల్లో తిరిగిన వాళ్లకు ఆ అవసరం ఎంతటిదో ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు టవర్లు చాలాచోట్ల లేచాయి. అయితే టవర్ లేచినంత మాత్రాన వీడియో నిలబడదు. కరెంటు పోతే సిగ్నల్ పోయే ఊళ్లున్నాయి, గుట్ట మీది రచ్చబండ దగ్గర తప్ప ఇంకెక్కడా మాట వినపడని ఊళ్లున్నాయి. రచ్చబండ దగ్గర నిలబడి ఎవరూ తమ జబ్బు చెప్పుకోరు కదా.

భాష కూడా అంతే పెద్ద అడ్డు. సవర మాట్లాడే పెద్దావిడకి తెలుగే రెండో భాష. హబ్‌లో కూర్చున్న డాక్టర్ గుంటూరు తెలుగులో వేగంగా అడిగితే ఆవిడ అన్నిటికీ "ఔను" అంటుంది. ఔను అంటే జబ్బు ఉందని కాదు, మీరు చెప్పేది వింటున్నానని. ఊరి ఆశా కార్యకర్త పక్కనుంటే అదే ప్రశ్న సవరలో అడిగి, వచ్చిన జవాబు సరిగ్గా చెప్తుంది. ఆదిలాబాద్‌లో గోండీ, చింతూరులో కోయ, అరకులో కువి మాట్లాడే వాళ్ల దగ్గరా ఇదే చూస్తారు. నేను వాడిన యాప్‌లలో ఈ భాషల కోసం బటన్ కనిపించలేదు.

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో ఏదీ డాక్టర్ల కొరత వల్ల వచ్చింది కాదని గమనించండి. స్క్రీన్ అవతల డాక్టర్ ఉన్నారు. ఇవతల, రోగి పక్కన ఎవరున్నారన్నదాని మీదే వైద్యం అందడం, అందకపోవడం ఆధారపడింది. నేను ఎన్నేళ్లు చేసినా చివరికి తేలింది ఇదే. డబ్బులు, శిక్షణ, శ్రద్ధ అన్నీ అవతలి వైపు పెడుతున్నాం. పెట్టాల్సింది ఇవతల.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చి 24న, అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా, అపోలో వాళ్లు ఇస్రో శాటిలైట్ సాయంతో గ్రామీణ టెలీమెడిసిన్ మొదలుపెట్టారు. అక్కడ కూడా రోగులు ఇంట్లో కూర్చుని మాట్లాడలేదు. ఊళ్లో ఆసుపత్రి ఉంది, పరీక్ష చేసి పంపే సిబ్బంది ఉన్నారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల విజన్ సెంటర్లు ఎప్పుడైనా చూశారా? చుట్టుపక్కల ఊళ్ల పిల్లలనే తీసుకుని శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెట్టారు. వాళ్లే కళ్లు పరీక్ష చేస్తారు, అద్దాలు రాస్తారు, అనుమానం ఉన్న కేసు పెద్ద డాక్టర్‌కి చూపిస్తారు. కన్ను ఎలా చూడాలో తెలిసిన మనిషి ముందు ఊళ్లో ఉన్నాడు కాబట్టే, దూరాన ఉన్న డాక్టర్ చూడగలుగుతున్నాడు.

మంచి ఎంఎల్‌హెచ్‌పీ ఎలా పనిచేస్తారో ఒక్కటి చెప్తాను. ఒక సబ్ సెంటర్ నుంచి కాల్ వచ్చింది, పెద్దావిడ, ఆయాసం. నేను అడగకముందే ఆ అమ్మాయి బీపీ రెండు చేతులకూ చూసి రాసిపెట్టింది. ట్యాబ్‌ని కిటికీ వైపు తిప్పి, పెద్దావిడ కింది కనురెప్ప లాగి వెలుగులో చూపించింది. తెల్లగా పాలిపోయి ఉంది. తర్వాత ట్యాబ్ కిందికి దించి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి, కాసేపు అలాగే ఉంచి తీసింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. అప్పుడు నాతో "సార్, రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోతోందట" అంది. రక్తం తక్కువగా ఉందని, గుండె సరిగ్గా పనిచేయడం లేదేమోనని అనుమానించడానికి నాకు కావాల్సినవన్నీ ఆ ఒక్క నిమిషంలో దొరికాయి. వెంటనే జిల్లా ఆసుపత్రికి పంపించాం. ఇదే పెద్దావిడ ఇంటి నుంచి ఫోన్ చేసి ఉంటే "దగ్గు, ఆయాసం" అని చెప్పేది, ఎవరో ఒక దగ్గు మందు రాసేవాళ్లు.

అలాగని అన్ని సబ్ సెంటర్లూ ఇలాగే ఉంటాయని చెప్తే అబద్ధం. కాల్స్ సంఖ్యకు టార్గెట్ పెట్టిన చోట ఏం జరుగుతుందో కూడా చూశాను. సాయంత్రం నాలుగు దాటాక వరసగా కాల్స్ వచ్చేవి, అన్నీ "ఒళ్లు నొప్పులు, పారాసిట్మాల్". కొన్నింటిలో రోగి కనిపించేవారే కాదు, సిబ్బందే మాట్లాడేవారు. వాళ్లను తప్పుపట్టలేను. ఇంటింటి సర్వేలు, టీకాలు, గర్భిణుల రిజిస్ట్రేషన్, నాలుగైదు యాప్‌లలో ఎంట్రీలు, వీటి మధ్యలో రోజుకు ఇన్ని కాల్స్ అని పైనుంచి ఫోన్ వస్తే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ పది కాల్స్ మధ్య నిజంగా ఆయాసంతో వచ్చిన మనిషికి దక్కాల్సిన ఐదు నిమిషాలు పోతాయి. ఎన్ని కాల్స్ అయ్యాయని కాకుండా ఎంతమందికి మందు చేతికందింది, ఎంతమందికి నెల తిరిగేసరికి బీపీ అదుపులోకి వచ్చింది అని లెక్క అడిగితే సగం రోగం కుదురుతుంది. స్క్రీన్ మీద మాత్ర రాసిచ్చి, ఆ మాత్ర సబ్ సెంటర్‌లో స్టాక్ లేదంటే పేదవాళ్లకు ఆ కన్సల్టేషన్ వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇక మీరు చేయగలిగింది. అమ్మగారి ఫోన్‌లో ఆ యాప్ గురించి ఇక మర్చిపోండి. ఊరి సబ్ సెంటర్‌కి బోర్డు మీద ఏ పేరున్నా ఫర్వాలేదు, విలేజ్ క్లినిక్ అనొచ్చు, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అనొచ్చు, తెలంగాణ వైపు అయితే పల్లె దవాఖానా అంటారు. అక్కడి ఎంఎల్‌హెచ్‌పీతో, మీ వీధి ఆశాతో ఈసారి ఊరెళ్లినప్పుడు స్వయంగా కలిసి మాట్లాడండి. అమ్మగారి పేరు బీపీ, షుగర్ రిజిస్టర్‌లో ఉందో లేదో అడగండి, లేకపోతే రాయించండి. ఆ రిజిస్టర్‌లో ఉంటేనే నెలనెలా మాత్రలకి, పరీక్షకి పిలుస్తారు.

మొదటిసారి మాత్రం ఆవిడను పీహెచ్‌సీకో, ఊరికి డాక్టర్ వచ్చే రోజున క్లినిక్‌కో నేరుగా తీసుకెళ్లి చూపించండి. దీనికి వైద్యపరమైన కారణం ఉంది, చట్టపరమైన కారణమూ ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఒక డాక్టర్‌కి ఒక జబ్బు కోసం నేరుగా చూపించి ఆరు నెలలు దాటకపోతే, అదే జబ్బుకి అదే డాక్టర్‌తో తర్వాతి సంప్రదింపును ఫాలో-అప్‌గా లెక్కిస్తారు. ఫాలో-అప్‌లో పాత మందులు కొనసాగించడానికి, అవసరమైతే ఒకటి జోడించడానికి డాక్టర్‌కి వెసులుబాటు ఎక్కువ. మొట్టమొదటి సంప్రదింపే ఫోన్‌లో అయితే చాలా మందులు రాయడానికి వీల్లేదు, కొన్నిటికి వీడియో తప్పనిసరి. కాబట్టి ఒకసారి నేరుగా, ఆ తర్వాత ఆరు నెలల్లోపు సబ్ సెంటర్ నుంచి. ఇలా వంతులేసుకుంటే ఆవిడ బస్సు ఖర్చు, కూలి రోజు మిగులుతాయి, వైద్యమూ తెగదు. అవే మార్గదర్శకాల్లో ఆరోగ్య కార్యకర్త ద్వారా సంప్రదించే పద్ధతిని విడిగా గుర్తించారు. ఎవరైనా "ఏఎన్ఎం ద్వారా మాట్లాడితే చెల్లదు" అంటే నమ్మకండి.

వెళ్లేటప్పుడు మాత్రల ఖాళీ అట్టలు, పాత చీటీలు ఒక కవర్‌లో పెట్టి ఇవ్వమనండి. హబ్ డాక్టర్‌కి అంతకన్నా ఉపయోగపడేది ఇంకోటి లేదు. "తెల్ల మాత్ర ఒకటి, చిన్నది ఒకటి" అంటే మేమేం చేయగలం? ఇంట్లో బీపీ మిషన్ కొనిస్తే మంచిదే, చేతికి కట్టేది కొనండి, మణికట్టుకి పెట్టేది వద్దు. చూసిన అంకెను క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయమనండి. అక్షరాలు రాకపోయినా అంకెలు చూసి రాసేవాళ్లు ఊళ్లో దొరుకుతారు. ఆ క్యాలెండర్ కాగితాన్ని ఫొటో తీసి పంపితే నాకు వీడియో కాల్ కన్నా ఎక్కువ చెప్తుంది. ఆరోగ్య ఖాతా తెరవాలనుకుంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆవిడ ఆధార్‌కి ఆవిడ దగ్గరుండే నంబరే లింక్ చేయించండి.

మాటతో సరిపోయే చోట వీడియో కోసం పట్టుబట్టకండి. బటన్ ఫోన్ నుంచి కూడా పనిచేసే సేవలున్నాయి. నిద్ర పట్టకపోవడం, దిగులు, భయం, ఇంట్లో తాగుడు సమస్య లాంటి వాటికి 14416కి చేయొచ్చు, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ నంబర్ అది, తెలుగులో మాట్లాడతారు. ఇంటి నుంచి కన్నా పొలం గట్టు మీద నిలబడి చేసుకోవడమే ఆవిడకు తేలిక కావచ్చు.

ఊళ్లో నలుగురిలో మాట చెల్లే వాళ్లయితే మీరు చేయగలిగింది ఇంకొంచెం ఉంది. ప్రతి ఆరోగ్య మందిర్‌కి జన ఆరోగ్య సమితి అని ఒకటి ఉంటుంది, అందులో పంచాయతీ ప్రతినిధులు కూర్చుంటారు. అక్కడ మూడు విషయాలు అడగండి. సబ్ సెంటర్‌లో తలుపు వేసుకుని మాట్లాడుకునే గది ఉందా, కరెంటు పోతే నడిచే ఇన్వర్టర్ ఉందా, బీపీ షుగర్ మాత్రలు పోయిన నెల ఎన్ని రోజులు లేవు. మూడోదానికి జవాబు నోటిమాటగా తీసుకోకండి, స్టాక్ రిజిస్టర్ చూపించమనండి.

ఒక్క జాగ్రత్త చెప్పి ఆపుతాను. ఛాతీలో బరువు, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం, షుగర్ ఉన్న మనిషి మత్తుగా పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ట్యాబ్ కోసం, టోకెన్ కోసం ఎదురుచూడొద్దు, మీకు ఫోన్ చేసి అడగడం కోసమూ ఆగొద్దు. నేరుగా 108కి చేయాలి. ఊరికి బండి రాదంటే రోడ్డు దాకా మంచం మీదో డోలీలోనో మోయడానికి ఎవరెవరు వస్తారో ముందే మాట్లాడి ఉంచండి, వాళ్ల నంబర్లు పెద్ద అంకెల్లో గోడ మీద రాయించండి.